నీరు లేని ఉతుకు



డ్రై క్లీనింగ్ అనగా తడి తగులని పని యని పలువురి భావన. నిజమునకు అచ్చట వస్త్రములు ద్రవములోనే మునుగును. ఆ ద్రవము నీరు కాదు, అంతియే. నీటికి లొంగని నూనె మరకలు, జిడ్డు అందులో కరగును. పట్టు, ఉన్ని ముడుచుకొనవు.

పూర్వము ఇందులకు పెట్రోలు, కిరసనాయిలు వంటివి వాడెడివారు. అందుచే అగ్నిప్రమాదములు సంభవించుచుండెను. 1928లో అమెరికాలో అంత సులభముగా అంటుకొనని స్టాడార్డ్ ద్రావణి వాడుకకు వచ్చెను. పిమ్మట ప్రాచుర్యమందిన పెర్‌క్లోరోఎథిలీన్ బొత్తిగా మండదు. దీనిని 1821లో మైకేల్ ఫారడే తొలిసారి తయారుచేసెను. ఇది 121 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగును. ఆ ఆవిరిని చల్లార్చి, శుద్ధమైన ద్రవమును మరల వాడుదురు.

నిప్పు భయము తీరినది గాని, ఊపిరికి భయము వచ్చినది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మానవులకు క్యాన్సర్ కలిగించు అవకాశము మెండుగా గల పదార్థములలో 1995లో చేర్చి, 2014లో ఆ నిర్ణయమునే స్థిరపరచినది. డ్రై క్లీనింగులో దీని వాడుకను పదేండ్లలో క్రమముగా మాన్పించు నియమమును అమెరికా పర్యావరణ సంస్థ 2024 డిసెంబరులో ప్రకటించినది.

ఇంటికి తెచ్చిన వస్త్రమున ఘాటు వాసన మిగిలినచో, పై సంచి తీసి గాలి తగులుచోట వ్రేలాడదీయుడు. ఆ వాసన మనకు ఒక పూటది. యంత్రము చెంత నిలుచు పనివానికి దినమెల్ల ఉండునది. గాలి ఆడు గది, ఆవిరిని వెలికి విడువని యంత్రము అతనికి సమకూర్చుట యజమాని విధి.