నెలలు నిండిన బిడ్డే కదా అనుకున్నాం

పొదుపు, బ్యాంకు లింకేజీ లెక్కలు ఇప్పటికే విన్నారు. మేము చంటిబిడ్డల సంగతి చెప్తాం.

నెలలు తక్కువ బిడ్డంటే అందరం భయపడతాం. నెలలు నిండి మూడు కేజీలుంటే ఇంక భయం లేదనుకుంటాం. మా భీమిలి సంఘంలో ఒక చెల్లికి పొద్దున్నే ఉమ్మనీరు పోయింది. కాన్పు మర్నాడు మధ్యాహ్నం అయింది. మధ్యలో జ్వరం కూడా వచ్చింది. నీరు పోయి 18 గంటలు దాటినా, తల్లికి జ్వరమున్నా బిడ్డకి ఇన్ఫెక్షన్ రావచ్చని మాకు తెలీదు. నీరెప్పుడు పోయిందో ఆసుపత్రిలో వాళ్లు అడగలేదు, మేమూ చెప్పలేదు.

మూడోరోజు ఇంటికొచ్చాం. బిడ్డ పాలు తాగట్లేదు, ఏడవట్లేదు. బుద్ధిమంతుడని మురిసిపోయాం! ఒళ్లు చల్లబడ్డాక కూడా, పురుడు వెళ్లకుండా గడప దాటకూడదన్నారు పెద్దోళ్లు. ఇంతలో చూడ్డానికొచ్చిన ఆశా అక్క బిడ్డ డొక్కలెగరడం చూసి, ఊపిరి లెక్కపెట్టింది. నిమిషానికి 60 దాటింది. 108లో విశాఖ కేజీహెచ్‌కి పరుగెత్తాం. బిడ్డ దక్కాడు.

ఉమ్మనీటిలో బిడ్డ మలం కలిసినా, పుట్టగానే ఏడవకపోయినా, రెండున్నర కేజీల లోపున్నా, తల్లికి షుగరున్నా కనిపెట్టుకుని ఉండాలి. మొదటిరోజే ఒళ్లు పచ్చబడితే, ఎండలో పెడదామని కూర్చోకుండా డాక్టరుకి చూపించాలి.

ఇప్పుడు మా సంఘంలో పురిటికెళ్లే చెల్లికి ఒకరం తోడెళ్తాం. నీరు పోయిన టైము చీటీ రాసి సిస్టరు చేతికిస్తాం. కేజీహెచ్‌లో ఉండాల్సివస్తే తోడున్నవాళ్ల తిండి ఖర్చుకి పొదుపు డబ్బు వెంటనే ఇచ్చేస్తాం, తీర్మానం తర్వాత రాసుకుంటాం.