ట్రెస్కో తోట: గాలికి కట్టిన గోడ



ఏ తోట గురించి చెప్పినా మా ఆచార్యులవారు మొక్కల పేర్లకంటే ముందు గాలి ఎటునుంచి కొడుతుందని అడిగేవారు. ఆయన స్మృతిలో మాట్లాడే ఈ అవకాశంలో, ఆ ప్రశ్నకు బాగా జవాబు చెప్పే తోటనే ఎంచుకున్నాను. ఇంగ్లండు నైరుతి కొసకు సుమారు 45 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ సముద్రంలో ఉన్న సిల్లీ దీవుల్లో ట్రెస్కో ఒకటి. తోట అక్కడిది.

ట్రెస్కోలో ఒకప్పుడు బెనడిక్టైన్ సన్యాసుల మఠం ఉండేది; ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో ఇంగ్లండులోని మఠాలు మూతపడ్డాయి. శిథిలాలు మిగిలాయి. అంతవరకు చాలు.

1834లో అగస్టస్ స్మిత్ అనే అతను, వాటి యజమాని అయిన కార్న్‌వాల్ డచీ నుంచి ఈ దీవులన్నిటినీ 20,000 పౌండ్లకు కౌలుకు తీసుకున్నాడు. శిథిలాల పక్కన ఇల్లు కట్టుకుని, వాటి చుట్టూ ఎత్తయిన గోడలు లేపించాడు. తోట కోసం దక్షిణపు వాలును అంచెలంచెలుగా చదును చేయించాడు. రాతిగోడను దాటిన గాలి అవతల సుడి తిరిగి కింద పడుతుంది. అందుకే గోడతో ఊరుకోకుండా ముందు ముళ్ల పొదలు, తర్వాత కాలిఫోర్నియా నుంచి వచ్చిన మాంటెరే పైన్, సైప్రస్ చెట్లు బారులుగా వేయించాడు. చెట్లు గాలిని ఆపవు, వడకడతాయి. మన తీరంలో గాలికి అడ్డుగా సరుగుడు వేసేదీ ఇందుకే.

ఇక్కడే కొందరు పండితులతో నాకు పేచీ. ఈ తోటలో దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా మొక్కలు పెరుగుతాయి; అవి అక్కడ బతకడం గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని సముద్ర ప్రవాహం చలవేనని వారు రాస్తారు. సముద్రం చలిని తగ్గిస్తుంది, కాదనను. కానీ అదే దీవి ఉత్తరపు కొసన క్యాజిల్ డౌన్ ఉంది. దాన్ని తాకేదీ ఆ సముద్రమే. అక్కడ హీథర్ పొదలు గాలి దెబ్బకు నేలను అంటుకుని, అలలు అలలుగా పెరుగుతాయి. వెచ్చదనమే తోటను చేస్తే అక్కడ కూడా తోట ఉండాలి కదా! ఘనతంతా సముద్రానికి కట్టబెడితే, ఆ రాళ్లు మోసి, మొక్కలు నాటిన దీవివాసుల చెమట లెక్కలోకి రాదు. దీవివాసుల పిల్లలను బడికి పంపాలని స్మిత్ పట్టుబట్టాడు. అదే మనిషి 1855లో పక్కనున్న సామ్సన్ దీవిని ఖాళీ చేయించాడు. ఈ తోట చరిత్రలో ఆ పేజీ చింపెయ్యడానికి నేను ఒప్పుకోను.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. 1872లో స్మిత్ మరణించాక సోదరుడి కొడుకు థామస్ డోరియన్-స్మిత్ నార్సిసస్ పూల వ్యాపారాన్ని పెంచాడు. అది వేరే కథ. ఆయన కొడుకు ఆర్థర్ న్యూజిలాండ్ వైపు నుంచి మొక్కలు తెచ్చాడు. 1987 జనవరి మంచుకు ఎన్నో మొక్కలు చచ్చిపోయాయి. సముద్రాన్నే నమ్ముకున్నవారు ఆ నెల గుర్తుంచుకోవాలి. 1990 జనవరి తుఫానుకు గాలిని వడకట్టే చెట్లు చాలావరకు కూలిపోయాయి. ఆ తర్వాత ఎస్టేటు తలకెత్తుకున్న పెద్ద పని ఆ చెట్ల బారులను తిరిగి నాటించడం.