ఎన్నికల్లో సంఘం మద్దతు: తేల్చాల్సింది సభ్యులే

(మండల మహాసభలో సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఎన్నికల మాట వినిపిస్తే చాలు, "ఈసారి మన సంఘం ఎవరి వైపు?" అని ఊళ్లలో అడుగుతున్నారు. జవాబు చెప్పేముందు మా తప్పొకటి ఒప్పుకోవాలి. కిందటి ఎన్నికల్లో కమిటీలో ఉన్న మేం కొందరం సంఘం కండువాలతోనే ఒక అభ్యర్థి వేదిక ఎక్కాం. గ్రామ కమిటీలను అడగలేదు, జనరల్ బాడీ పెట్టలేదు. ఆయన గెలిచాడు. కాలువ చివరి భూములకు నీళ్లు మాత్రం రాలేదు. తర్వాత సభ్యత్వాల కోసం తిరుగుతుంటే ఒక పెద్దాయన రసీదు పుస్తకం చూసి, "ఇది సంఘానిదా, పార్టీదా?" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు.

కార్మిక సంఘాలకు ఈ ప్రశ్న నూరేళ్ల కిందటే ఎదురైంది. బ్రిటన్‌లో 1900లో సంఘాలు కలిసి తమ మనుషులను పార్లమెంటుకు పంపే కమిటీ పెట్టుకున్నాయి. అదే తర్వాత లేబర్ పార్టీ అయింది. నా చందా డబ్బు పార్టీకి ఎలా ఇస్తారని ఆస్బర్న్ అనే రైల్వే ఉద్యోగి కోర్టుకెక్కాడు. 1909లో తీర్పు ఆయన పక్షానే వచ్చింది. సంఘాలకు అది పెద్ద దెబ్బ. కానీ దానివల్లే 1913లో చట్టం వచ్చింది: రాజకీయ నిధి కావాలా వద్దా అన్నది సభ్యులే ఓటేసి తేల్చాలి, ఆ నిధి వేరుగా ఉండాలి, ఇష్టంలేనివాడు తప్పుకోవచ్చు.

మన దేశంలో 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం 16వ సెక్షన్ కూడా ఇలాంటిదే చెప్పింది. ఎన్నికల ఖర్చుకు విడిగా నిధి పెట్టుకోవచ్చు, ఇవ్వమని ఎవరినీ బలవంతపెట్టకూడదు, ఇవ్వలేదని ఎవరి హక్కులూ తగ్గించకూడదు. మనది ఫ్యాక్టరీ యూనియన్ కాదు, నిజమే. పద్ధతి మాత్రం మనకూ పనికొస్తుంది.

అమెరికాలో చాలాచోట్ల సంఘాలు అభ్యర్థులకు ప్రశ్నల పత్రం పంపి, పిలిచి మాట్లాడి, ఆ తర్వాతే ప్రతినిధుల ఓటు తీసుకుంటాయి. మద్దతంటే వాళ్లకు దండ వేసి ఫొటో దిగడం కాదు, తమ సభ్యుల ఇళ్ల తలుపులు తట్టడం. లారీ డ్రైవర్ల పెద్ద సంఘం టీమ్‌స్టర్స్ 2024లో అధ్యక్ష అభ్యర్థులెవరికీ మద్దతు ప్రకటించలేదు. సభ్యుల్లో చీలిక ఉందని తమ సర్వేల్లోనే తేలింది, ఆ లెక్కలు బయటపెట్టి మరీ ఆగారు. అది పిరికితనమన్నవాళ్లూ ఉన్నారు. మేం మాత్రం అలా అనలేం, మేం అడగకుండానే వేదిక ఎక్కినవాళ్లం.

మరి మనమే నిలబడితే? 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు 170 మందికి పైగా నామినేషన్ వేశారు. బరిలో మొత్తం 185 మంది. ఒక్క రైతూ గెలవలేదు, కానీ పసుపు బోర్డు మాట దేశమంతా విన్నది. బోర్డు 2025 జనవరిలో మొదలైంది. పంజాబ్‌లో కథ వేరు. ఢిల్లీ ఉద్యమం ముగియగానే కొన్ని సంఘాలు సంయుక్త సమాజ్ మోర్చా పెట్టి 2022 ఎన్నికల్లో దిగాయి. మిగతా సంఘాలు కలిసి రాలేదు, ఒక్క సీటూ దక్కలేదు. సరిహద్దుల్లో ఏడాదికి పైగా ఒక్కటిగా కూర్చున్నవాళ్లు ఓట్ల దగ్గర విడిపోయారు.

అందుకే ఈసారి ముందు ప్రశ్నలు రాద్దాం. కౌలు కార్డుకు భూయజమాని సంతకం అడ్డంకి తీయిస్తారా? చివరి ఆయకట్టుకు ఏ నెలలో నీళ్లిస్తారు? తేమ పేరుతో తూకంలో కోత ఆపుతారా? అభ్యర్థులందరికీ ఒకే కాగితం, జవాబు సంతకంతో. జవాబులను ప్రతి ఊళ్లో చదివి చీటీలతో ఓటు తీసుకుందాం. కౌలు రైతులు, కూలికి వెళ్లే ఆడవాళ్లు వచ్చేలా సభలు రాత్రి ఎనిమిదికి పెడదాం. మూడింట రెండు వంతులు ఒప్పుకోకపోతే సంఘం ఎవరికీ మద్దతివ్వదు, ఎవరి ఓటు వారిష్టం. అప్పటిదాకా కమిటీలో ఎవరూ కండువాతో ఏ వేదికా ఎక్కరు.

తీర్మానం కాగితం మీ ముందుంది. అభ్యంతరాలుంటే ఇప్పుడే, ఇక్కడే చెప్పండి.