బూటుకు ఆకారమిచ్చిన నల్లచెయ్యి



మేం బడిపంతుళ్లం. ఆవిరియంత్రం అంటే జేమ్స్ వాట్, బల్బంటే ఎడిసన్ అని పిల్లలు ఠకీమని చెప్తారు. మరి కాళ్లకున్న బూటు సంగతేమిట్రా అంటే నోరు పెగలదు. పిల్లల తప్పు కాదు, మాకూ ఎవరూ చెప్పలేదు. తోలుపనిలో తెలివి ఉంటుందని పుస్తకాలు రాసేవాళ్లు అనుకుంటే గదా! మా తాతలు లందల్లో తోళ్లు నానేసి, ఆరె పట్టి చెప్పులు కుట్టినవాళ్లు. అందుకే ఈ మనిషి కథ మీకు చెప్పాలనుకున్నాం.

పేరు యాన్ మాట్జెలిగర్. 1852లో దక్షిణ అమెరికాలోని సురినాంలో పుట్టాడు. అది అప్పుడు డచ్చివాళ్ల వలస. తండ్రి డచ్చి ఇంజనీరు, తల్లి నల్లజాతి స్త్రీ. అక్కడ బానిసత్వం రద్దయింది 1863లో. అప్పటికి ఈయనకు పదేళ్లు. ఆ వయసుకే వర్క్‌షాపులో పనికి కుదిరాడు. పందొమ్మిదేళ్లకు ఓడెక్కాడు. చివరికి అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని లిన్ చేరాడు. లిన్ అంటే బూట్ల ఊరు. ఇంగ్లీషు అంతంతమాత్రం. పగలు ఫ్యాక్టరీ, రాత్రి చదువు. నల్లవాడని కొన్ని చర్చిలు రానివ్వలేదు, ఒక్క చర్చి రానిచ్చింది.

అప్పటికే పైతోలు కుట్టే మిషనుంది, అట్ట కుట్టే మిషనుంది. నడుమ ఒక పని మాత్రం చేతికే మిగిలింది. చెక్కతో చేసిన పాదం అచ్చుమీద పైతోలు లాగి, వేళ్ల దగ్గరా మడమ దగ్గరా ముడతలు సర్ది, మేకులు కొట్టాలి. బూటుకు ఆకారం వచ్చేది అక్కడే. చెయ్యి తిరిగినవాడు పొద్దంతా చేసినా యాభై జతలు దాటవు. ఇది యంత్రంవల్ల కాదని అందరూ తేల్చేశారు.

మాట్జెలిగర్ ఎవరితోనూ వాదనకు దిగలేదు. పనివాళ్ల వేళ్లు ఎట్లా తిరుగుతున్నాయో గమనించాడు. తిండి తగ్గించుకుని, చుట్టపెట్టెల చెక్కలతో, తీగెలతో నమూనా చేశాడు. యాభై డాలర్లకు అమ్మమంటే అమ్మలేదు. కానీ అసలు యంత్రానికి డబ్బేదీ? ఇద్దరు పెట్టుబడిదారులకు మూడింట రెండు వంతులు రాసివ్వాల్సి వచ్చింది. బొమ్మలు అంతుబట్టక పేటెంటు ఆఫీసువాళ్లు మనిషిని లిన్‌కు పంపి చూసుకున్నారు. 1883 మార్చి 20న పేటెంటు ఇచ్చారు. ఆ యంత్రం రోజుకు నూటయాభై నుంచి ఏడువందల జతలు చేసింది. బూట్ల ధర సగానికి దిగింది. బీదవాడి కాలికీ బూటొచ్చింది.

చేతిపనివాళ్లకు కోపమొచ్చింది. కూలి పోతుందన్న వాళ్ల భయం అబద్ధం కాదు. కానీ ఆ కోపం యజమానుల మీదికి పోలేదు. నల్లవాళ్లను తిట్టే మాటనే యంత్రానికి పేరు పెట్టారు. కులం పేరే తిట్టయిన ఊళ్లలో పెరిగినవాళ్లం మనం. దీన్ని మనకు ఎవరూ వివరించక్కర్లేదు.

1889 ఆగస్టు 24న ఆయన క్షయతో చనిపోయాడు. ముప్ఫయ్యేడు నిండలేదు. తనను రానిచ్చిన చర్చికి కొన్ని వాటాలు రాసిపెట్టి పోయాడు. ఆయన పేటెంట్లు కంపెనీ నుంచి కంపెనీకి మారాయి. 1899లో పెద్ద కంపెనీలన్నీ కలిసి యునైటెడ్ షూ మెషినరీ అయ్యాయి. అది తన ముఖ్యమైన యంత్రాలు అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. బూటు చేసేవాడు యంత్రానికి యజమాని కాకుండా అద్దెదారుగానే ఉండిపోవాలి! అది గుత్తాధిపత్యమని కోర్టు తేల్చింది 1953లో. ఇక మాట్జెలిగర్ బొమ్మతో అమెరికా తపాలాబిళ్ల వేసింది 1991లో. అంటే చచ్చిపోయిన నూటరెండేళ్లకు.

ఇందులో మనం నేర్వాల్సిందేమిటి? మనవాళ్లకు తెలివి లేదన్నమాట పచ్చి అబద్ధం. అది ఒకటి. తెలివొక్కటే చాలదు, అది రెండోది. పనిముట్టు ఎవరిది, కాగితం ఎవరి పేర ఉంది, పెట్టుబడి ఎవరిది అని అడగనంతకాలం మన చేతి తెలివి ఇంకొకరి పెట్టెలోకే పోతుంది. ముట్టుకుంటే మైల అనే తోలు, కంపెనీ బూటై అద్దాల షాపుకెక్కితే మైల కాదు. అంటు పనిచేసేవాడికే, లాభానికి అంటు లేదు.

అందుకే పిల్లల్ని చదివిద్దాం. చదువుతోపాటు లెక్క అడగడం నేర్పుదాం. రేపు బడిలో బల్బు పాఠం చెప్పేటప్పుడు బూటు పాఠం కూడా చెప్తాం. మీరు ఇంట్లో చెప్పండి.

జై భీమ్!