కృష్ణాతీరమున యవనుల వేల్పు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



మహమ్మద్‌నగర్ సీమలో పుట్టి పెరిగినవారికి నీటి విలువ వేరొకరు చెప్పనక్కరలేదు. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర నిర్మాణము మంజీర నీటిని నిలిపి, బీడు భూములను మాగాణములుగా మార్చినది. అయితే ఆ సాగరము కొరకు కొన్ని పల్లెలు ఖాళీ కావలసివచ్చెను. నీరు వచ్చినచోట అన్నము వచ్చును. దానితోపాటు ఒక జ్ఞాపకమును మునుగును. ఈ మాటకు మరియొక సాక్ష్యము కృష్ణాతీరమున కలదు. అది రాతిపై చెక్కిన ఒక మూర్తి. ఆ మూర్తి తెలుగువారు కొలిచిన దేవతలలో ఎవరిదియు కాదు. సముద్రముల కావలి గ్రీకుల వేల్పుదని పండితులు గుర్తించిరి. గ్రీకులనే పూర్వులు యవనులనిరి.

క్రీస్తుశకము మూడవ శతాబ్దమున శాతవాహనుల ప్రాభవము తగ్గిన పిదప ఇక్ష్వాకు రాజులు కృష్ణాలోయను పాలించిరి. వారి రాజధాని విజయపురి. అదియే నేటి నాగార్జునకొండ. రాజులు వైదిక క్రతువులు చేసిరి. రాణులు, ఉపాసికలు బౌద్ధ విహారములకు దానములిచ్చిరి. కాశ్మీర, గాంధార, చీనా, తామ్రపర్ణి దేశముల పేర్లు అచ్చటి శాసనములో కానవచ్చుచున్నవి. ఆ ఊరికి లోకముతో గల పరిచయము ఎంతటిదో దీనివలన తెలియును.

అచ్చటి రాజప్రాసాద స్థలమున దొరికిన స్తంభముపై ఒక గడ్డపు మనిషి నిలిచియున్నాడు. నడుముపై వస్త్రము లేదు. చేత కొమ్మువంటి పానపాత్ర కలదు. చెంత చిన్న మద్యపు పీపా కలదు. ఈ వేషము తెలుగు శిల్పికి అలవాటైనది కాదు. కొమ్ముపాత్రను, పీపాను చూచి పండితులు ఇతనిని డయోనైసస్ అనిరి.

ఈ డయోనైసస్ ఎవరు? గ్రీకు పురాణముల ప్రకారము దేవతల రాజగు జ్యూస్‌కు, సెమెలె అను మానవకాంతకు పుట్టినవాడు. ద్రాక్షకు, మద్యమునకు అధిదేవత. నాటకమునకును అతడే వేల్పు. ఏథెన్సు నగరమున అతని ఉత్సవములలోనే గొప్ప నాటకములు ప్రదర్శింపబడెను. రాత్రి తెల్లవారుదాక యక్షగానము చూచిన పల్లెవాసికి దేవుని పండుగయే ఆటకు వేళ యగుట వింతగా తోచదు.

అతడు భారతదేశమునకు వచ్చెనని కూడ గ్రీకులు కథ చెప్పుకొనిరి. చంద్రగుప్త మౌర్యుని కొలువునకు వచ్చిన రాయబారి మెగస్తనీసు మాటలుగా తరువాతివారు వ్రాసిన దానిలో, భారతీయులకు ఎద్దులను నాగలికి పూన్చుట, విత్తనము చల్లుట నేర్పినవాడు డయోనైససే అని కలదు. మంజీర ఒడ్డున దున్నిన రైతు ఈ మాట విని నవ్వకుండునా! సింధు నాగరికత కాలమునకే ఈ దేశమున దున్నకము కలదని త్రవ్వకములు తెల్పినవి. కాని నాగలి నేర్పినవాడు దేవుడని చెప్పుటలో గ్రీకులు కృషికి చూపిన గౌరవము కలదు. దానిని మాత్రము త్రోసిపుచ్చరాదు.

ఆ మూర్తి కృష్ణాలోయకు ఎట్లు చేరెను? వర్తకపు దారిని చూచినచో జాడ దొరకును. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథము పెరిప్లస్ ఈ తూర్పు తీరమును మసాలియా అని పేర్కొని, ఇచ్చట విస్తారముగ తయారగు సన్నని బట్టలను చెప్పినది. ఇటలీ మద్యము పడమటి రేవులకు దిగుచుండెనని కూడ అందే కలదు. రోమను బంగారు నాణెములు నాగార్జునకొండలో దొరికినవి. వస్తువుల వెంట కథలును, కథల వెంట బొమ్మలును ప్రయాణించును.

తాగుబోతుల దేవుని బొమ్మకు ఇంత ఆదరమేల అని పెద్దలు ప్రశ్నింపవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. మద్యము కొంపలు కూల్చునని ఎరుగని ఊరు లేదు. అయితే రాతిని కాపాడుట మద్యమును మెచ్చుట కాదు. పరదేశపు వేల్పును తెలుగునేలపై చెక్కిన చేతిని, దానికి చోటిచ్చిన నాటి మనసును కాపాడుటయే అది.

ఇంతటి స్థలమును వెలికి తెచ్చినది ఎవరు? 1926లో సూరపరాజు వెంకటరామయ్య అను బడిపంతులు అచ్చట పాత స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. అంతకుముందు ఆ రాళ్ల ప్రక్కగా నడచినవారు ఎందరో! చదువుకొన్న కన్ను ఒకటి ఆగి చూచినది. తరువాత లాంగ్‌హర్స్ట్ మొదలగువారు త్రవ్వకములు సాగించిరి. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసెను. లోయ మునుగుట నిశ్చయమయ్యెను. 1954 మొదలు 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యవమున విస్తారమైన త్రవ్వకములు జరిగెను. కొన్ని కట్టడములను విప్పి కొండపై తిరిగి నిలిపిరి. మెట్లతో కూడిన ప్రదర్శనశాలను అనుపులో మరల రూపొందించిరి. 1966లో కొండపై ప్రదర్శనశాల తెరువబడెను. నేడు ఆ కొండ జలాశయము నడుమ ద్వీపము. పడవపై పోయి చూడవలెను.

విజయపురి మునిగెను గాని దాని కథ మునుగలేదు. ముందుగా చూచినవారు, వ్రాసినవారు, మోసి పైకి చేర్చినవారు ఉండుటయే కారణము. నిజాంసాగరము క్రింది పల్లెలకు అట్టి ప్రదర్శనశాల లేదు. ఆ పల్లెల పేర్లు, గుడులు, చెరువులు, కుటుంబములు తరలిన దారులు పెద్దల నోట మాత్రము నిలిచినవి. 1931 నుండి తొమ్మిది పదులకు పైగా ఏండ్లు గడచెను. కన్నులార చూచినవారు దాదాపు లేరు. వారి నోట విన్నవారును తరిగిపోవుచున్నారు.

గ్రంథాలయము అనగా అచ్చైన పుస్తకముల అలమార మాత్రమే కాదు. ఊరి పెద్దలు చెప్పిన మాటను తేదీతో, చెప్పినవారి పేరుతో వ్రాసి భద్రపరచు నోటు పుస్తకము ఒకటి ఇచ్చట ఉండవలెను. పొలము గట్టున పడియున్న పాత రాతిని చూచిన బాలుడు పరుగున వచ్చి చెప్పుటకు ఒక చోటుండవలెను. ఏనాడో ఒక బడిపంతులు ఆగి చూచినందువలన పదునేడు వందల ఏండ్ల నాటి పరదేశపు వేల్పు సైతము నీటిపాలు కాక నిలిచెను. సొంత ఊరి తాతల మాట ఒక నోటు పుస్తకము లేక నీటిపాలు కారాదు. రజతోత్సవ వేళ పాఠకులు తలకెత్తుకొనదగిన పని ఇది.