వృథా లేని నిర్మాణము

(కమలాపురములో రైతులు, తాపీపనివారు, చేతివృత్తులవారు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠము)



వృథాను తగ్గింపవలెనని మనము తరచుగా వినుచుందుము. ఊరి దిబ్బను చూచినప్పుడెల్ల ఆ మాట జ్ఞాపకమునకు వచ్చును. అయితే వస్తువు దిబ్బకు చేరిన తరువాత ఆలోచించిన చాలదు. దానిని తయారుచేయునాడే, దాని పని తీరిన పిమ్మట అది ఏమి కావలెనో ఆలోచింపవలెను. ఈ ఒక్క విషయమును మీకు విన్నవించుటకే నేడు మీ ఎదుట నిలిచితిమి.

సేద్యము చేయువారికి ఈ సంగతి క్రొత్తది కాదు. చొప్ప పశువునకు మేత యగును, పేడ ఎరువగును, ఎరువు తిరిగి చేనికి చేరును. ఒకదాని శేషము మరియొకదానికి ముడిసరకు. కర్మాగారములలో తయారగు వస్తువులు సైతము ఇట్లే తిరుగుచుండవలెనని నేడు అనేక దేశముల నిపుణులు చెప్పుచున్నారు. దీనినే చక్రీయ ఆర్థిక విధానమందురు. చొప్పను పశువు తినగలుగుట ప్రకృతి చేసిన ఏర్పాటు. మనము చేయు వస్తువులకు అట్టి ఏర్పాటు మనమే చేయవలెను. ఏ పదార్థము వాడవలెను, దేనితో దేనిని కలుపవలెను, అతుకు ఎట్లుండవలెను అని ముందుగా నిర్ణయించుటయే రూపకల్పన.

గోళీసోడా సీసాను తీసికొందము. 1870 దశాబ్దమున హైరం కాడ్ అను ఆంగ్లేయుడు దానిని రూపొందించెను. లోపలి వాయువు ఒత్తిడియే గోళీని పైకి నెట్టి మూతిని బిగించును. వేరే మూత అక్కరలేదు. త్రాగినవారు సీసాను అంగడిలోనే ఇచ్చిపోదురు. అది కడుగబడి మరల నిండును. ఇప్పుడు అదే అంగడిలో వ్రేలాడు షాంపూ పొట్లమును చూడుడు. పలు రకముల ప్లాస్టిక్ పొరలను, కొన్నింట పలుచని అల్యూమినియం రేకును కలిపి అతికించి దానిని చేయుదురు. ఆ పొరలను విడదీయుట పాతసామానుల వర్తకునికి సాధ్యము కాదు. కనుక దానిని కొనువారును లేరు. ఆ పొట్లము కాలువలో పడినచో తప్పు పారవేసినవారిది మాత్రమే కాదు. విడదీయ వీలులేకుండ అతికించిన రూపకల్పనది కూడ.

బోరుబావి మోటారు కాలినచో మీరు దానిని పారవేయరు. మరలు విప్పించి, కాలిన తీగ తీయించి, క్రొత్త తీగ చుట్టింతురు. తీసిన రాగికి వెల వచ్చును. మోటారును విప్పుటకు వీలుగా చేసినందుననే ఇది సాధ్యమగుచున్నది. మరలు లేక జిగురుతో మూసివేసిన యంత్రమునకు ఈ భాగ్యము లేదు.

ఇక మన ప్రాంతపు సంపదయైన బండల సంగతికి వత్తము. కడప బండ యని దేశమంతట పేరొందిన ఈ నల్లని నాపరాయిని భూగర్భ శాస్త్రజ్ఞులు నార్జి సున్నపురాయి యందురు. పొరలు పొరలుగా చీలుట దీని స్వభావము. పూర్వము రాయలసీమ మిద్దెలలో దూలములు, దంతెలు, బండలు పేర్చి, పైన చవుడు మన్ను పఱచెడివారు. ఆ మిద్దెను విప్పినప్పుడు దూలము దూలముగనే, బండ బండగనే చేతికి వచ్చును. ద్వారబంధములు మరియొక యింటికి చేరును. మన్ను మన్నులో కలియును. మరల మట్టిమిద్దెలు కట్టుకొనుడని మేము చెప్పుట లేదు. వానకు అవి కారుటయు, పైకప్పున తిరిగి మన్ను వేయవలసి వచ్చుటయు మీకు తెలియును. అవి నేర్పు పాఠమును మాత్రము మరువరాదు.

ఒకే బండను రెండు విధములుగ పఱువవచ్చును. ఇసుక మీదగాని, సున్నపు గచ్చు మీదగాని పఱచినచో యాబది ఏండ్ల తరువాతనైనను దానిని లేపి వేరొక చోట వేసికొనవచ్చును. గట్టి సిమెంటు గచ్చులో పొదిగినచో లేపునప్పుడు ముక్కలగును. రాయి ఒక్కటే, దాని రెండవ జన్మను నిర్ణయించునది అడుగున వేసిన గచ్చు. అట్లే, గదికంతయు పెద్ద చదరపు పలకలే కావలెనని కోరినచో అంచు ముక్కలు గనుల వద్దనే గుట్టలు పడును. గోడ వెంబడి చిన్న ముక్కల వరుస వేయుటకు, మెట్లకు, ప్రహరీలకు మిగిలినవి వాడుటకు మేస్త్రీ ముందే లెక్క వేసినచో ఆ గుట్ట తగ్గును, ఖర్చును తగ్గును.

రాయి విషయమున మేస్త్రీ లెక్క ఎట్టిదో, బూడిద విషయమున ఇంజనీరు లెక్క అట్టిది. ఎఱ్ఱగుంట్ల సమీపమున కలమల్ల వద్ద రాయలసీమ తాప విద్యుత్కేంద్రము 1994 నుండి పనిచేయుచున్నది. మన దేశపు బొగ్గులో బూడిద పాలు హెచ్చు. సాధారణముగ నూటికి 30 నుండి 40 పాళ్ల వరకు ఉండును. ఆ బూడిదను నీటితో కలిపి చెరువులోనికి పంపినచో అది భూమిని ఆక్రమించును; ఎండిన పిమ్మట గాలికి లేచి పైరుల మీద, ఇండ్ల మీద పడును. అదే బూడిదను పొగలోనుండి ఎండుగనే పట్టి నిలువ చేసినచో సిమెంటు కర్మాగారమునకు సరకగును. సిమెంటు నీటితో కలిసినప్పుడు వెలువడు సున్నముతో ఈ సన్నని బూడిద కలిసి గట్టిపడును. మన పెద్దలు సున్నములో ఇటుకపొడి, అనగా సుర్కీ, కలుపుటలోని మర్మమిదియే. భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 1489 ప్రకారము ఇట్టి సిమెంటులో బూడిద నూటికి 15 నుండి 35 పాళ్లు ఉండవచ్చును. అంతమేరకు సున్నపురాయిని త్రవ్వి కాల్చు పని తప్పును. కమలాపురం మండలము నల్లలింగాయపల్లెలోను, ఎఱ్ఱగుంట్ల ప్రాంతమునను సిమెంటు కర్మాగారములుండుట మన సీమకు గల అనుకూలము.

ఇట్లు ఒక కర్మాగారపు శేషము ప్రక్క కర్మాగారమునకు చేరుటకు డెన్మార్కులోని కలుండ్‌బోర్గ్ పట్టణము ప్రసిద్ధి. అచటి చమురుశుద్ధి కర్మాగారములో వృథాగా మండు వాయువును 1972 నుండి జిప్సం పలకల కర్మాగారమునకు గొట్టముల ద్వారా పంపిరి. మన దేశమునను కేంద్ర ప్రభుత్వము 1999లో బూడిద వినియోగమును గూర్చి తొలి ప్రకటన గావించెను. 2021 డిసెంబరు 31 నాటి ప్రకటన ప్రకారము బొగ్గు విద్యుత్కేంద్రములు తమ బూడిదనంతయు పర్యావరణమునకు హాని లేని రీతిని వినియోగింపవలెను.

బూడిద ఇటుకలను గూర్చియు ఒక మాట. మట్టి ఇటుకకు పొలములోని పైమన్ను పోవును. కాల్చుటకు కట్టెగాని, బొగ్గుగాని కావలెను. ఒక అంగుళము సారవంతమైన పైమన్ను ఏర్పడుటకు ప్రకృతికి వందల ఏండ్లు పట్టును. దానిని అమ్మిన రైతు కొలదిపాటి ధనమునకు తన బిడ్డల పంటను అమ్మినవాడగును. బూడిద ఇటుకను సున్నము, జిప్సం లేక సిమెంటుతో కలిపి యంత్రమున అచ్చొత్తి, కాల్చకయే నీటితో తడుపుచు గట్టిపఱతురు. అయితే సరిగా తడుపని ఇటుక పొడియై రాలును. కనుక నాణ్యము పరీక్షించి కొనవలెను. బూడిదలో కొన్ని విషలోహములు స్వల్పముగ నుండును గాన దానిని బావులలో, చెరువులలో, వాగులలో పోయరాదు. బూడిదను వినియోగించుట వేరు, కనబడకుండ పాతిపెట్టుట వేరు.

ఇచట ఒక భేదమును గుర్తింపవలెను. బూడిదను సిమెంటులో కలుపుట ఒక్క పర్యాయము జరుగు మేలు. దానిని మరల వెలికి తీయలేము. విప్పుటకు వీలుగ పఱచిన బండ అనేక పర్యాయములు తిరుగును. మొదటిది శేషమును సద్వినియోగము చేయుట. రెండవది శేషమే పుట్టకుండ చూచుట. మొదటిది మంచిది, రెండవది మరింత మంచిది.

నేడు మన గ్రామములలో క్రొత్త ఇండ్లు అనేకము లేచుచున్నవి. వానిని విప్పువారు మన మనుమలు. వారికి మనము బండలు, దూలములు ఇత్తుమా, రాళ్లగుట్టను ఇత్తుమా అనునది నేడు మేస్త్రీతో మనము మాటాడు మాటలపై ఆధారపడియున్నది. పునాది గీతలు గీయునాడే మీరు అతనిని మూడు ప్రశ్నలు అడుగుడు: ఇది చెడినచో బాగుచేయవచ్చునా? విప్పినచో ముక్కలు కాక వచ్చునా? మిగిలినది ఎవరికి పనికివచ్చును? వస్తువులు కొనునపుడు అంగడివానిని కూడ ఇవియే అడుగుడు. అడుగువారు పెరిగినకొలది చేయువారి పద్ధతి మారక తప్పదు.

ఈ విషయమును మీ గ్రామసభలలో చర్చింతురని ఆశించుచున్నాము.