వృద్ధాశ్రమం చూడ్డానికి వెళ్తున్నారా? చివరి మంచం దాకా వెళ్లండి

ఈరోజు ఎపిసోడ్‌లో ఫోన్లు, జాబ్స్, ఇంటర్వ్యూ టిప్స్ ఏమీ లేవు. ఈరోజు మా అమ్మమ్మ గురించి మాట్లాడతా. ఇంకో రెండేళ్లకో పదేళ్లకో మీలో చాలామందికి పనికొస్తుంది, అందుకే చివరిదాకా ఉండండి.

నేనుండేది నానక్‌రామ్‌గూడలో. బాల్కనీలోంచి చూస్తే అన్నీ అద్దాల టవర్లే. మా అపార్ట్‌మెంట్‌లో సగం ఇళ్లకి పగలు తాళాలే. నేనూ నా భార్యా కూడా అంతే, పొద్దున పోతే రాత్రికి వస్తాం. అమ్మమ్మకి 83 ఏళ్లు. డిమెన్షియా ఉంది. పోయినేడు బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది కానీ మళ్లీ లేచి నడవలేదు. ఆవిడని చూసుకునే మా అమ్మకే మోకాళ్ల నొప్పులు. మనిషిని లేపాలంటే ఇద్దరు కావాలి. ఇంటికి పెట్టిన ఆయాలు ముగ్గురు మానేశారు. ఆఖరికి ఒక హోమ్‌లో చేర్చాం. చుట్టాలు ఏమన్నారో మీకు చెప్పక్కర్లేదు. "ఆశ్రమంలో పడేశారంట" అన్నారు.

ఆ హోమ్‌ని సెలెక్ట్ చేసింది నేనే. ఎలా చేశానో తెలుసా? ఆన్‌లైన్‌లో రేటింగ్ 4.8 ఉంది. ఫోటోల్లో లాన్, ఏసీ, గోడమీద పెద్ద టీవీ. శనివారం 11 గంటలకి అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్లా. మేనేజర్ గారు కాఫీ ఇచ్చి, దగ్గరుండి అంతా చూపించారు. అడ్వాన్స్ కట్టేశా.

నేను ఉద్యోగంలో అయిదేళ్లు చేసింది టెస్టింగ్. డెమోలో పనిచేసే సాఫ్ట్‌వేర్ నిజంగా వాడేటప్పుడు ఎలా పడిపోతుందో నాకంటే బాగా ఎవరికి తెలుసు? అలాంటోణ్ణి, అమ్మమ్మ విషయంలో మాత్రం డెమో చూసి సంతకం పెట్టా.

రెండు నెలలకి, ఒక ఆదివారం సాయంత్రం అమ్మ తనే చీర మారుస్తానని అమ్మమ్మని పక్కకి తిప్పింది. నడుం కింద పుండు. రూపాయి బిళ్లంత. పడక పుండు, బెడ్ సోర్ అంటారు కదా, అది. మేనేజర్‌ని అడిగితే "ఈ వయసులో మామూలే సార్" అన్నాడు. మామూలు కాదండీ. మనిషి ఒకే వైపు గంటలు గంటలు పడుకుంటే ఆ బరువుకి అక్కడ రక్తం ఆడదు, చర్మం చచ్చిపోతుంది. అందుకే కదల్లేని మనిషిని సాధారణంగా రెండు గంటలకోసారి పక్క తిప్పాలంటారు. మొదట్లో ఎర్రగా కందుతుంది, వేలితో నొక్కినా ఆ ఎరుపు పోదు. మన చామనచాయ మీద ఆ ఎరుపు సరిగ్గా కనపడదు కూడా, చేత్తో తడిమి వేడి, గట్టిదనం చూడాలి. అన్ని పుండ్లనీ ఆపలేకపోవచ్చు. కానీ చాలావాటిని ఆపొచ్చు.

మంచం తలాపున చార్ట్ ఉంది, పక్క తిప్పిన టైమ్ రాసేది. అప్పుడు సాయంత్రం 4 అయింది. చార్ట్‌లో 6 గంటలది, 8 గంటలది అప్పుడే టిక్ పెట్టేసి ఉన్నాయి!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పుండు చూసి అమ్మ ఏడ్చింది. అమ్మమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఆవిడ చెప్పలేదు, చెప్పినా రెండు నిమిషాల్లో మర్చిపోతుంది. అప్పుడు నాకు అర్థమైంది. రివ్యూ రాసేది డబ్బు కట్టే మనిషి, అంటే నేను. హోమ్‌లో ఉండేది వేరే మనిషి. యూజర్ ఫీడ్‌బ్యాక్ ఇవ్వలేనప్పుడు ఆ 4.8కి అర్థం ఏముంది?

ఆ తర్వాత కూర్చుని చదివా. అవేడిస్ డోనబీడియన్ అని ఒక డాక్టర్, 1966లో వైద్యం నాణ్యతని మూడు భాగాలుగా చూడాలని రాశారు. ఒకటి, ఏమున్నాయి: బిల్డింగ్, మంచాలు, మనుషులు. రెండు, ఏం చేస్తున్నారు: తినిపించడం, తిప్పడం, మందులివ్వడం. మూడు, చివరికి ఆ మనిషికి ఏమైంది. మేనేజర్ మనకి చూపించేది మొదటిది. మనం చూడాల్సినవి మిగతా రెండు.

వేరే దేశాల్లో ఎవరు చూస్తారు? ఇంగ్లండ్‌లో కేర్ క్వాలిటీ కమిషన్ అని ఉంది. వాళ్లు చెప్పకుండా తనిఖీకి రావచ్చు, ఇచ్చిన రేటింగ్‌ని హోమ్ అందరికీ కనపడేలా పెట్టాలి. అమెరికాలో నర్సింగ్ హోమ్‌లకి 2008 నుంచి ప్రభుత్వమే స్టార్లు ఇస్తోంది. అక్కడ కూడా కొన్ని మార్కులు హోమ్‌లు తమ గురించి తాము పంపిన లెక్కల మీదే వచ్చేవని 2014లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. తర్వాత సిబ్బంది లెక్కని జీతాల రికార్డుల నుంచి తీసుకోవడం మొదలుపెట్టారు. చూశారా, టిక్కులు ముందే పెట్టేయడం మన దగ్గరే కాదు.

మరి మన దగ్గర? 2007లో తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. ఆధారం లేని వృద్ధుల కోసం జిల్లాకి కనీసం ఒక హోమ్, 150 మందికి సరిపడేలా రాష్ట్ర ప్రభుత్వం పెట్టొచ్చని అందులో ఉంది. నాలాంటోళ్లు నెలనెలా డబ్బు కట్టే ప్రైవేట్ హోమ్‌ల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాల కోసం 2019 డిసెంబర్‌లో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు.

ఆ బిల్లు పెట్టిన మరుసటి నెల, 2020 జనవరిలో, మన హైదరాబాద్ పక్కనే నాగారంలో ఏం జరిగిందో గుర్తుందా? కీసర పోలీసులు ఒక హోమ్‌లోంచి 73 మందిని బయటికి తీసుకొచ్చారు. ముసలివాళ్లు, మానసిక సమస్యలున్నవాళ్లు కలిసి ఉన్నారు, కొందరికి గొలుసులు కూడా వేసి ఉన్నాయి. అక్కడ ఉన్నవాళ్లనీ ఎవరో ఒకరు డబ్బు కట్టి చేర్పించి ఉంటారు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కాబట్టి ప్రస్తుతానికి ఇన్‌స్పెక్టర్ మనమే. రెండో హోమ్ వెతికేటప్పుడు నేను ఏం చూశానో చెప్తా, రాసుకోండి.

మొదటిది, టైమ్. ఒకసారి అపాయింట్‌మెంట్‌తో వెళ్లండి. రెండోసారి చెప్పకుండా, ఆదివారం రాత్రి భోజనాల వేళకి వెళ్లండి. "ఇప్పుడు కుదరదు" అంటే ఎందుకో అడగండి. ఇన్ఫెక్షన్ లాంటి కారణం ఉండొచ్చు. ఏ రోజైనా ఏ టైమైనా కుదరదంటే మాత్రం వచ్చేయండి.

రెండు, చివరి మంచం. హాల్లో టీవీ చూసేవాళ్లు బాగానే ఉంటారు. మంచం దిగలేని మనిషి దగ్గరికి వెళ్లడానికి వాళ్ల అనుమతి అడగండి. పెదవులు ఎండిపోయాయా? గోళ్లు తీశారా? నీళ్లు చేతికి అందేలా ఉన్నాయా? సాయంత్రం 4 గంటలకి అందరూ మత్తుగా నిద్రపోతుంటే, నిద్ర మందులు ఎవరు రాశారు అని అడగండి. కట్టేసిన మనిషి కనపడితే ఇంక వేరే ప్రశ్న అక్కర్లేదు.

మూడు, రాత్రి లెక్క. "మీ దగ్గర ఎంతమంది స్టాఫ్?" అని అడగొద్దు. "రాత్రి 2 గంటలకి ఎంతమంది మేలుకుని ఉంటారు, ఎంతమందిని చూస్తారు?" అనడగండి.

నాలుగు, రిజిస్టర్లు. నెలనెలా బరువు తూచి రాస్తున్నారా? సరిగ్గా తినిపించకపోతే మొదట తెలిసేది బరువులోనే. పక్క తిప్పే చార్ట్‌లో ఇప్పటిదాకానే రాసి ఉందా, రేపటిది కూడా రాసేశారా?

అయిదు, నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. "ఈమధ్య ఎవరైనా పడిపోయారా? తర్వాత మీరు ఏం మార్చారు?" మా దగ్గర ఎవరూ పడలేదండీ అంటే నమ్మకండి. మా సాఫ్ట్‌వేర్‌లో బగ్సే లేవు అన్నవాణ్ణి నేనెప్పుడూ నమ్మలేదు.

ఆరు, ఆయాలతో మాట్లాడండి. ఎన్నాళ్లుగా చేస్తున్నావక్కా అని. ఆరు నెలలకోసారి అందరూ మారిపోతుంటే మీ మనిషి అలవాట్లు ఎవరికి తెలుస్తాయి?

ఇప్పుడు అమ్మమ్మ ఉన్న హోమ్‌కి లాన్ లేదు. గోడలకి సున్నం పెచ్చులు ఊడుతోంది. చెప్పకుండా వెళ్లిన రోజు అక్కడొక ఆయా, ఒక పెద్దాయనకి అన్నం తినిపిస్తోంది. నేను ఏదో అడగబోతే "ఆగు తమ్మీ, ఈయన మింగినాక మాట్లాడతా" అంది. నన్ను పది నిమిషాలు నిలబెట్టింది. నేను అక్కడే డిసైడైపోయా. పుండు మానడానికి మూడు నెలలు పట్టింది.

ఇది పర్ఫెక్ట్ అని చెప్పను. అందుకే వారంలో ఒకసారి, ఏ రోజని చెప్పకుండా వెళ్తా. వెళ్లినప్పుడల్లా అమ్మమ్మని పక్కకి తిప్పి వీపు చూస్తా. మొదట్లో మొహమాటంగా ఉండేది. నేను అమ్మమ్మ వీపు చూడడమేంటి అని. అమ్మే అంది, "చిన్నప్పుడు నీ వీపు రుద్దింది ఆవిడే కదరా" అని.

ఒక నంబర్ సేవ్ చేసుకోండి: 14567. ఎల్డర్ లైన్, ఉచితం, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. హోమ్‌ల సమాచారం కావాలన్నా, ఎక్కడైనా పెద్దవాళ్లని బాధపెడుతున్నారని తెలిసినా చేయండి. ప్రాణం మీదికొస్తే 112.

మీ వాళ్లు ఎవరైనా ఇప్పటికే హోమ్‌లో ఉంటే, ఈ ఆదివారం ఫోన్ చేయకుండా వెళ్లండి. పక్కకి తిప్పి చూడండి. ఉంటానండీ, నమస్తే.